కాయిల్ కాలుతోంది సరే, ఎన్ని ఆంపియర్లు?

మే నెల మధ్యాహ్నం గంటసేపు నడిచిన పెట్రోలు అంబాసిడర్‌ని పావుగంట ఆపి మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. బోనెట్ ఎత్తి ఇగ్నిషన్ కాయిల్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది: కాయిల్ పోయింది. కొత్తది తెచ్చి బిగించేసరికి గంట గడుస్తుంది, బండి స్టార్ట్ అవుతుంది, తీర్పు సరైనదేనని అందరూ నమ్ముతారు. కొన్నాళ్లకు అదే ఎండలో బండి మళ్లీ ఆగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం అయ్యాయి. కాయిల్ వేడెక్కడం ఒకటి, చెడిపోవడం ఇంకొకటి. మొదటిది అది చేసే పనిలో భాగం. రెండోది లోపం. ఈ రెంటినీ విడదీయడం చేతివేళ్ల వల్ల అయ్యే పని కాదు. 60 డిగ్రీలున్న ఇనుప డబ్బాని కొన్ని సెకన్లకు మించి ఎవరూ పట్టుకోలేరు, కానీ ఆ 60 డిగ్రీలు కాయిల్‌కి మామూలే. మల్టీమీటరు, కాగితం, పదో తరగతిలో చదివిన ఓమ్ సూత్రం ఉంటే అసలు సంగతి తేలిపోతుంది.

అంబాసిడర్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. 1950ల చివరి నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన కారు ఇది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో ఉన్నది, చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 మోడల్ కాడిలాక్‌లతో రోడ్డెక్కిన ఇగ్నిషన్ పద్ధతే. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ అన్నీ కంటికి కనిపిస్తాయి, అన్నిటికీ మీటరు ముల్లు అందుతుంది. ఇక్కడ లెక్క బోధపడితే కొత్త కార్ల కాయిల్ దగ్గర ఏది మారిందో పట్టుకోవడం తేలిక.

3 ఓములు, 53 వాట్లు

డబ్బా ఆకారపు పాత కాయిల్ లోపల రెండు చుట్లు ఉంటాయి. లావు తీగ ప్రైమరీ, వెంట్రుకలాంటి తీగ సెకండరీ. బయట బాలాస్ట్ రెసిస్టర్ లేకుండా నేరుగా 12 వోల్టులకు వాడే కాయిల్‌లో ప్రైమరీ నిరోధం 20 డిగ్రీల దగ్గర దాదాపు 3 ఓములు. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు. 12.6ని 3తో భాగిస్తే 4.2 ఆంపియర్లు. వోల్టులతో గుణిస్తే 53 వాట్లు. అంటే ప్రైమరీ కరెంటుని కలిపి తెంచే పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ, బ్యాటరీ ఇచ్చే ఆ 53 వాట్లూ ఆ చిన్న డబ్బాలో వేడిగా మారుతూనే ఉంటాయి.

ఇంజన్ నడుస్తున్నప్పుడు పాయింట్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి కాబట్టి వేడి తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు ఒక చుట్టు తిరిగితే రెండు స్పార్కులు. ఐడిలింగ్‌లో నిమిషానికి 750 చుట్లంటే సెకనుకు 25 స్పార్కులు, ఒక్కో స్పార్కుకు 40 మిల్లీసెకన్ల వ్యవధి. డిస్ట్రిబ్యూటర్‌లో ప్రతి 90 డిగ్రీల తిరుగుడులో 60 డిగ్రీలు పాయింట్లు మూసుకుని ఉంటాయి. అంటే 40లో దాదాపు 27 మిల్లీసెకన్లు కరెంటు పారుతుంది.

కానీ కరెంటు ఒక్కసారిగా నిండదు. కాయిల్ ఇండక్టెన్సు 8 మిల్లీహెన్రీలు అనుకుంటే, దాన్ని 3 ఓములతో భాగిస్తే 2.7 మిల్లీసెకన్లు వస్తుంది. కరెంటు నిండే వేగానికి కొలత అది. 27 మిల్లీసెకన్లలో అది పూర్తిగా నిండి, మిగతా సమయమంతా ఊరికే వేడి చేస్తూ కూర్చుంటుంది. నడుస్తున్న బండిలో 14 వోల్టులు వేసుకుని లెక్క కడితే ఐడిలింగ్‌లో సగటున 37 వాట్లు తేలుతుంది. అదే ఇంజన్ 3000 చుట్లు తిరుగుతుంటే స్పార్కు స్పార్కుకీ 10 మిల్లీసెకన్లే, అందులో పాయింట్లు మూసుకునేది 6.7. కరెంటు నిండీ నిండకముందే తెగిపోతుంది, సగటు వేడి 20 వాట్లకు పడిపోతుంది.

మనం మామూలుగా అనుకునేదానికి ఇది తలకిందులు. హైవే మీద జోరుగా పోయే బండిలో కంటే, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి గుడగుడలాడే బండిలో కాయిల్‌కి వేడి ఎక్కువ. పైగా అక్కడ గాలి తగలదు. రెంటచింతలలో, రామగుండంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు బోనెట్ కింద ఇంకెంత ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదం ఇంజన్ ఆగిపోయాక తాళం ఆన్‌లోనే వదిలేయడం. 90లో 60 డిగ్రీలు పాయింట్లు మూసుకునే ఉంటాయి కాబట్టి, ఇంజన్ ఎక్కడ ఆగినా మూడింట రెండు వంతుల అవకాశం అవి మూసుకుని ఉండటానికే. అప్పుడు 53 వాట్లు విరామం లేకుండా కాయిల్‌లోకి పోతాయి. పాటలు వినడానికో, ఫ్యూజులు వెతకడానికో తాళం ఆన్‌లో పెట్టి అరగంట కూర్చుంటే మంచి కాయిల్‌ని మనమే పొయ్యి మీద పెట్టినట్టు. ఎండలో బండి ఆగిపోయినప్పుడు ముందుగా చేయాల్సింది తాళం ఆఫ్ చేయడమే, పరీక్షలు ఆ తర్వాత.

వేడి స్పార్కుని ఎంత తినేస్తుంది

రాగి వేడెక్కితే దాని నిరోధం ప్రతి డిగ్రీకీ 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 3 ఓములున్న తీగ 100 డిగ్రీలకు చేరితే 3.94 ఓములు అవుతుంది. 12.6 వోల్టులకు కరెంటు 4.2 నుంచి 3.2 ఆంపియర్లకు దిగుతుంది. కాయిల్‌లో దాగే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నష్టం అంతకన్నా ఎక్కువ: 70 మిల్లీజౌళ్లు కాస్తా 41 అవుతాయి.

ఇంకా సెల్ఫ్ సంగతి ఉంది. సెల్ఫ్ మోటారు బ్యాటరీని లాగేసినప్పుడు వోల్టేజి 9.6కి పడిపోయిందనుకోండి. 9.6ని 3.94తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. శక్తి 24 మిల్లీజౌళ్లు. చల్లని కాయిల్, నిండు బ్యాటరీ ఇచ్చే దాంట్లో మూడో వంతు.

ఈ 24 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారానికి కీలకం ఇక్కడే ఉంది. సరిగ్గా కలిసిన పెట్రోలు, గాలి మిశ్రమం ప్రయోగశాలలో ఒక మిల్లీజౌల్ కన్నా తక్కువకే అంటుకుంటుంది. నిజమైన ఇంజన్‌లో అంతకు ఎన్నో రెట్లు కావాలి, అయినా మిగతావన్నీ సవ్యంగా ఉంటే 24 మిల్లీజౌళ్లతో ఇంజన్ అందుకోవాలి. కాబట్టి వేడెక్కిన ఆరోగ్యకరమైన కాయిల్ ఒక్కటే బండిని ఆపలేదు. దానితో ఇంకేదో కలిసి ఉంటుంది. మాసిన పాయింట్ల దగ్గర 0.6 వోల్టు, అరిగిన ఇగ్నిషన్ స్విచ్ దగ్గర 0.4 వోల్టు పోయాయనుకోండి. మిగిలేది 8.6 వోల్టులు, 2.2 ఆంపియర్లు, 19 మిల్లీజౌళ్లు. ఒక్క వోల్టు జారిపోతే శక్తిలో ఐదో వంతు గల్లంతు. దానికి తోడు 0.64 మిల్లీమీటర్లు ఉండాల్సిన ప్లగ్గు గ్యాప్ అరిగి ఒక మిల్లీమీటరుకు చేరితే దూకడానికి కావాల్సిన వోల్టేజి ఇంకా పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 70 మిల్లీజౌళ్ల జోరులో ఈ లోపాలన్నీ కప్పుకుపోతాయి. మధ్యాహ్నానికి బయటపడతాయి. కొత్త కాయిల్ వేస్తే చల్లని రాగి అప్పటికి వాటిని మళ్లీ కప్పిపెడుతుంది, అంతే.

తప్పు కాయిల్ బిగించిన బండి

కాయిళ్లలో ఇంకో రకం ఉంది. ప్రైమరీ 1.5 ఓములే ఉండి, బయట మరో 1.5 ఓముల బాలాస్ట్ రెసిస్టర్‌తో కలిపి వాడేవి. నడుస్తున్నప్పుడు బాలాస్ట్ సగం వోల్టేజిని తాను తీసుకుంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు మాత్రం వేరే తీగ బాలాస్ట్‌ని తప్పించి బ్యాటరీని నేరుగా కాయిల్‌కి కలుపుతుంది. సెల్ఫ్ వల్ల పడిపోయే వోల్టేజిని పూడ్చుకోవడానికి చేసిన చక్కటి ఉపాయం ఇది.

పైకి రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి. బాలాస్ట్ లేని బండిలో 1.5 ఓముల కాయిల్ బిగిస్తే? 14 వోల్టులకు 9.3 ఆంపియర్లు, పాయింట్లు మూసుకున్నంతసేపూ 130 వాట్లు. ఇలాంటి బండి మొదట బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, స్పార్కు కూడా చూడముచ్చటగా ఉంటుంది. కొన్నాళ్లకే పాయింట్లు కాలిపోతాయి, కాయిల్‌లోని నూనె మరిగి మూత దగ్గర నుంచి కారుతుంది. ఒకే బండిలో వరసగా కాయిళ్లు పోతున్నాయంటే నాణ్యతని తిట్టేముందు ఓములు కొలవడం న్యాయం. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే. రోజు కూలి మీద బండి నడిపే మనిషి జేబులోంచి పోయే డబ్బు ఇది, ఆపగలిగేది ఒక్క కొలత.

దీనికి ఎదురు లక్షణం కూడా గుర్తుంచుకోవాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఇంజన్ అందుకుని, తాళం వదలగానే చప్పున ఆగిపోతే అనుమానం కాయిల్ మీద కాదు, తెగిన బాలాస్ట్ మీద.

రోడ్డు మీద కొలతలు

మొట్టమొదటి ప్రశ్న: లేనిది స్పార్కా, పెట్రోలా? వేడెక్కిన పాత బండిలో ఈ రెండు జబ్బులూ ఒకేలా కనిపిస్తాయి. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 35–40 డిగ్రీల నుంచే ఆవిరవడం మొదలుపెడతాయి. ఇంజన్ పక్కనున్న పంపులో, పైపులో ఆ ఆవిరి అడ్డుపడితే కార్బురేటర్‌కి పెట్రోలు అందదు. తడిగుడ్డ వేసి 20 నిమిషాలు ఆగితే అది తగ్గుతుంది. వేడెక్కిన కాయిల్‌ కూడా అంతే, వేడికి లోపలి పూత దెబ్బతిన్న కండెన్సరూ అంతే. అందుకే తడిగుడ్డతో నయమైతే ఏది జబ్బో తేలినట్టు కాదు, కాలం గడిచినట్టు మాత్రమే. పరీక్ష బండి స్టార్ట్ కాకుండా మొండికేసినప్పుడే చేయాలి, చల్లారాక కాదు. చల్లారిన కాయిల్‌ని షాపులో ఎంతసేపు కొలిచినా అది బాగానే ఉందని చెబుతుంది.

ఒక ప్లగ్గు విప్పి, తీగకి తొడిగి, దాని మెటల్ భాగాన్ని ఇంజన్ బ్లాకుకి గట్టిగా ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టించాలి. చేత్తో పట్టుకోవద్దు, 20 వేల వోల్టుల వ్యవహారం. విప్పిన ప్లగ్గు రంధ్రానికీ, కార్బురేటర్‌కీ దూరంగా పెట్టాలి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ప్లగ్గు తీగని ఎర్త్ లేకుండా గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టడం కూడా తప్పే. వోల్టేజికి బయట దారి దొరక్క కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుంటుంది. టపటపమంటూ నీలిరంగు స్పార్కు క్రమంగా వస్తుంటే కాయిల్‌ని వదిలేసి పెట్రోలు వైపు వెళ్లాలి. పసుపు ఎరుపు రంగులో సన్నగా, తడబడుతూ వచ్చినా, అసలు రాకపోయినా మీటరు తీయాలి.

బ్యాటరీతో మొదలుపెట్టండి. నిలకడగా 12.4 నుంచి 12.6, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కి తగ్గకూడదు. తగ్గితే కాయిల్ విషయం అక్కడితో పక్కన పెట్టి బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్ తీగ చూసుకోవాలి.

తర్వాత తాళం ఆన్ చేసి, పాయింట్లు మూసుకుని ఉండగా, కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజి. బాలాస్ట్ లేని బండిలో అది బ్యాటరీ వోల్టేజికి అర వోల్టు లోపల ఉండాలి. బాలాస్ట్ ఉంటే 6 నుంచి 8 మధ్య. ఇప్పుడు కాయిల్ మైనస్ దగ్గర, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వైపు. పాయింట్లు మూసుకుని ఉంటే 0.2, 0.3 వోల్టుకు మించకూడదు. అర వోల్టు దాటిందంటే పాయింట్లు మాసిపోయాయి, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి ఎర్త్ తీగ పాడైంది. పాయింట్లు తెరిస్తే అక్కడ బ్యాటరీ వోల్టేజి పూర్తిగా కనిపించాలి. తెరిచినా సున్నా దగ్గరే ఉంటే పాయింట్ల తీగ ఎక్కడో ఎర్త్ అవుతోంది, లేదా కండెన్సర్ షార్ట్ అయ్యింది, లేదా కాయిల్ లోపల తీగ తెగింది. ఈ రెండు కొలతలకు నిమిషం కూడా పట్టదు. నా లెక్కలో సగం కాయిళ్లని చెత్తబుట్టలో పడకుండా కాపాడేవి ఇవే.

ఇక ఓములు. తాళం ఆఫ్ చేసి, కాయిల్ తీగలు రెండూ విప్పాకే కొలవాలి. ముందు మీటరు ముళ్లు రెండూ తాకించి చూస్తే 0.2 నుంచి 0.3 ఓము చూపిస్తుంది. 3 ఓముల కొలతలో అది పదో వంతు, తీసేయడం మరిచిపోవద్దు. 42 డిగ్రీల నీడలో పూర్తిగా చల్లారిన కాయిల్ కూడా 3 కాకుండా 3.26 చూపిస్తుంది, అది లోపం కాదు.

వేడి మీద తీసిన కొలతకి మరో గొప్ప ఉపయోగం ఉంది: కాయిల్ తన వేడిని తానే చెబుతుంది. 20 డిగ్రీల దగ్గర 3.0 ఉన్నది ఇప్పుడు 3.6 అయితే పెరుగుదల 20 శాతం. 0.39తో భాగిస్తే దాదాపు 51. అంటే తీగ 71 డిగ్రీల దగ్గర ఉంది, కంగారు పడాల్సింది ఏమీ లేదు. 3.94 అయితే 100 డిగ్రీలు. వేడికి కారణం వెతకాలి. వేడెక్కాక నిరోధం పెరగకుండా చల్లగా ఉన్నప్పటికన్నా తగ్గి 2.5కి వచ్చిందంటే మాత్రం సందేహం అక్కర్లేదు. తీగ మీది పూత కరిగి చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఆ కాయిల్ నిజంగానే పోయింది.

సెకండరీని కాయిల్ నడి టవర్‌కీ ప్రైమరీ టెర్మినల్‌కీ మధ్య కొలుస్తారు. పాత డబ్బా కాయిళ్లలో ఇది 6 నుంచి 10 వేల ఓముల మధ్య ఉండటం సాధారణం. మీటరు అనంతం చూపిస్తే తీగ తెగినట్టే. కొలత సరిగ్గా వచ్చినా పూర్తి భరోసా లేదు, ఎందుకంటే మీటరు పెట్టే ఒత్తిడి కొద్ది వోల్టులే. 20 వేల వోల్టులకు చీలిపోయే ఇన్సులేషన్ 9 వోల్టుల దగ్గర బుద్ధిగానే ఉంటుంది. అందుకే వేడి మీద ప్లగ్గుతో చేసిన స్పార్కు పరీక్షదే చివరి మాట. టవర్ చుట్టూ నల్లటి సన్నగీత, చెట్టు వేరులా పాకి కనిపిస్తే ఏ కొలతా అక్కర్లేదు, స్పార్కు ఆ గీత మీదుగానే పారిపోతోంది.

కండెన్సర్‌ని తక్కువ అంచనా వేస్తారు. 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ ఉండే ఈ చిన్న డబ్బీ, పాయింట్లు తెరుచుకునే క్షణంలో కరెంటు టక్కున తెగేలా చూస్తుంది. అది బలహీనపడితే పాయింట్ల మధ్య లావుగా మెరుపు కనిపిస్తుంది, ప్లగ్గు దగ్గర స్పార్కు పసుపు రంగులో నీరసిస్తుంది, లక్షణాలన్నీ అచ్చం కాయిల్ జబ్బులాగే ఉంటాయి. కాయిల్ కన్నా ఎంతో చవక. కాబట్టి ముందు కండెన్సర్ మార్చి చూడటమే తెలివైన క్రమం.

పాయింట్ల గ్యాప్ కూడా ఇప్పుడే కొలవాలి. 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. కామ్ మీద ఒరుసుకునే మడమ అరిగే కొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు మూసుకుని ఉండే కోణం పెరుగుతుంది. 60 డిగ్రీలు 70 అయితే కరెంటు పారే వాటా 67 శాతం నుంచి 78కి చేరుతుంది. కాయిల్‌ని వేడెక్కించే దొంగల్లో చడీచప్పుడు లేనిది ఇదే.

కొత్త కార్లలో లెక్క వేరు

ప్లగ్గుకో కాయిల్ ఉన్న కార్లలో ప్రైమరీ సగం ఓము దరిదాపుల్లోనే ఉంటుంది. దాన్ని తాళం కాదు, కంప్యూటర్ నడిపిస్తుంది: స్పార్కుకి ముందు దాదాపు 3 మిల్లీసెకన్లు మాత్రమే కరెంటు ఇచ్చి ఆపేస్తుంది. ఐడిలింగ్‌లో 750 చుట్ల దగ్గర ఒక్కో కాయిల్ సెకనుకు 6 సార్లు పనిచేస్తుంది, అంటే కరెంటు పారేది సెకనులో 19 మిల్లీసెకన్లే, 2 శాతం కన్నా తక్కువ. అంబాసిడర్‌లోని 67 శాతంతో పోల్చి చూడండి. ఇలాంటి కాయిల్ వేడిలో ఎక్కువ భాగం కింద ఉన్న సిలిండర్ హెడ్‌దే. తనంతట తాను కాలుతోందంటే దాన్ని ఆపాల్సిన ట్రాన్సిస్టర్ ఆన్‌లోనే బిగుసుకుని ఉండాలి. అప్పుడు 12.6ని 0.5తో భాగిస్తే 25 ఆంపియర్లు, 300 వాట్లకు పైనే. ప్లాస్టిక్ కరిగిన వాసనో, కాలిపోయిన ఫ్యూజో ముందే చెబుతుంది. కంప్యూటర్ వైపు లోపం చూడకుండా కొత్త కాయిల్ తగిలిస్తే అదీ నిమిషాల్లో అలాగే అవుతుంది.

నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లున్న బండిలో ఒకటి పోతే ఇంజన్ వణుకుతుంది, మూడింటి మీద స్టార్ట్ అవుతుంది. నాలుగూ ఒకేసారి పోవడం దాదాపు జరగని పని. కాబట్టి వేడెక్కాక అసలు స్టార్టే కాని కొత్త బండిలో, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే చూడాలి: రిలే, ఫ్యూజు, అన్నిటికన్నా ముందు క్రాంకు సెన్సర్. అది వేడికి మొరాయించి చల్లారాక మేల్కొంటుంది, లక్షణాలు పాత కాయిల్‌వే. సెల్ఫ్ తిరుగుతుండగా స్కానర్‌లో ఇంజన్ వేగం సున్నా చూపిస్తే, పీ0335 కోడ్ ఉంటే అనుమానం అటే. పీ0351 నుంచి పీ0354 దాకా కోడ్లు వస్తే వరసగా ఒకటి నుంచి నాలుగు కాయిళ్ల సర్క్యూట్ గురించి. మూడు నాలుగు పిన్నులున్న కాయిళ్లలో చాలావాటికి ట్రాన్సిస్టర్ లోపలే ఉంటుంది, వాటిని ఓములతో కొలిచి తీర్పు చెప్పలేం. అనుమానం ఉన్న కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి, మిస్‌ఫైర్ దానితోపాటు వెళ్లిందా అని చూడటమే మేలు. పీ0302 కాస్తా పీ0303 అయితే దొంగ దొరికినట్టు.

కొలిచాక మార్చాల్సిందేనని తేలితే

పాత బండికైతే డబ్బా మీద రాసి ఉన్నది చదవాలి. బయటి రెసిస్టర్‌తో వాడమని ఉంటే బండిలో బాలాస్ట్ ఉండాలి. రాత చెరిగిపోతే కొనేముందు షాపులోనే ఓములు కొలిపించుకోవచ్చు. బిగించేటప్పుడు తీగల దిక్కు ముఖ్యం. పాత లూకాస్ కాయిళ్ల మీద ప్లస్, మైనస్ బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటాయి. స్విచ్ నుంచి వచ్చేది మొదటిదానికి, పాయింట్లకి వెళ్లేది రెండోదానికి. తారుమారైనా బండి నడుస్తుంది, అందుకే చాలామంది గమనించరు. కానీ ప్లగ్గులో ఎర్రగా కాగే నడి ఎలక్ట్రోడు నుంచి స్పార్కు బయలుదేరడం తేలిక. తీగలు మారితే అది చల్లని అంచు నుంచి బయలుదేరాలి, అందుకు ఎక్కువ వోల్టేజి కావాలి.

కొత్త కాయిల్ బిగించి వెంటనే బండి ఇచ్చేయకుండా 20 నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలి, ఆపి, తీగలు విప్పి మరోసారి ఓములు కొలవండి. నీడలో చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలత, ఇప్పటి కొలత, ఆనాటి ఉష్ణోగ్రత మూడూ సర్వీసు పుస్తకంలో రాసిపెట్టండి. వచ్చే వేసవిలో బండి మళ్లీ మొండికేస్తే, ఎవరు బోనెట్ ఎత్తినా పోల్చి చూడటానికి ఆ అంకెలు ఉంటాయి.